చెక్కబల్ల పెట్టిన సంతకం

దగ్గరికి జరిగి కూర్చోండి, గుసగుసలు కట్టిపెట్టండి. ఈ కథలో చప్పుడు చాలా చిన్నది, వినబడకపోతే నన్ను అనొద్దు.

పూతలపట్టు దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో కృపామణి రాత్రి షిఫ్టులో బల్లలు తుడుస్తుంది. తెల్లారితే తనిఖీ. బల్ల మీద మాత్రల పొడి కనబడిందా, 'శుభ్రం' అని రిజిస్టరులో సంతకం పెట్టిన మనిషి ఉద్యోగం ఊడినట్టే.

"చెక్కబల్లయితే పొడిని తాగేస్తాది, స్టీలు బల్ల కొనండి సార్ అని మొత్తుకున్నా గదా!" అని ఆమె సూపర్‌వైజర్ సుకుమార్ మీద మండిపడింది. మూతబడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి ఆ పాత చెక్కబల్లను చవగ్గా తెచ్చింది అతనే.

"ఊరికే అరవబాకమ్మా. తుడిచి సంతకం పెట్టు," అనేసి అతను ఇంటికి పోయాడు.

కృపామణి కోపమంతా గుడ్డలోకి తెచ్చుకుని తుడిచింది. గుడ్డ ఉతుక్కొచ్చేసరికి బల్ల మీద తెల్లగా ఐదు వేళ్ళ అచ్చు. మళ్ళీ తుడిచింది. బల్ల లోపల టక్‌టక్‌మని చప్పుడు మొదలైంది. మళ్ళీ అదే అచ్చు, ఈసారి ఆమె నిలబడిన వైపు అంచుకు దగ్గరగా.

"నువ్వెవురైతే నాకేమి! నేను సంతకం పెట్టేది లేదు పో!" అని బల్లను ఒక్క గుద్దు గుద్దింది.

చప్పుడు ఆగిపోయింది. రిజిస్టరు మూయబోతే, ఆమె పేరుకెదురుగా తెల్లటి వేలిముద్ర ఉంది. ఇంకా తడి ఆరలేదు.

ఆమె కేకకు పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్ ఎల్లప్ప గడప దాటకుండానే తొంగిచూసి, సంగతంతా విన్నాడు.

"నీకెందుకక్కా కోపం? ముద్ర ఏసింది అది గదా, రేపు ఉద్యోగం పోతే దానిదే పోతాది!"