అతుక్కుపోయే గౌను

గౌను మళ్ళీ కాళ్ళకు అతుక్కుంది.

తెర వెనక కోడలు రెండడుగులు వేసిందో లేదో, పాలియెస్టర్ గౌను చిటపటలాడుతూ మోకాళ్ళ మధ్యకు దూరి బిగుసుకుపోయింది. విడదీసి వదిలింది. మళ్ళీ అంతే.

మామయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తెరకు అటువైపు ముగ్గురు టోకు వర్తకులు కూర్చుని ఉన్నారు. ఆయన ఏడేళ్ళుగా ఇంటి వెనకగదిలో మరిగించి, వడగట్టి, ఇంటిల్లిపాది చేతా ముక్కులు మూయించి తయారుచేసిన సరుకు వాళ్ళు కొంటే నలుగురిలో తలెత్తుకుంటాడు. కొనకపోతే వెనకగదికి తాళం వేసి, రేపటినుంచి ముందుగదిలో కూర్చోవాలి. అది అత్తయ్యకూ ఇష్టం లేదు.

"నడవకుండా నిలబడే మాట్లాడితే కుదరదా మామయ్యా?"

"కుదరదు. ఈ చివరినుంచి ఆ చివరికి నడవాలి. గిర్రున తిరగాలి కూడా."

"పోనీ నూలుది వేసుకుంటానంటే ససేమిరా అన్నారు."

"నూలు గౌనుతో వాళ్ళ ముందుకు పంపిస్తే నా పరువేం కాను? ముందు నేను చెప్పినట్టు చెయ్యి."

"పొద్దుటినుంచి మూడుసార్లు చేశాను. చేసినకొద్దీ ఇంకా అంటుకుంటోంది."

తెర సందులోంచి కొడుకు తల లోపలికి పెట్టాడు. "నాన్నా, వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. ఎండ గురించి, వాన గురించి మాట్లాడేశాను. ఇక నా దగ్గర మంచు ఒక్కటే మిగిలింది."

మూల కుర్చీలో స్వెట్టర్ అల్లుకుంటున్న అత్తయ్య సూదులు పక్కన పెట్టింది.

"ఇటు రా అమ్మాయ్."

సంచీలోంచి పిన్నీసు తీసి, గౌను అంచు తిరగేసి, బయటికి కనబడకుండా లోపలి కుట్టుకు గుచ్చింది. చేతులు తడిచేసుకుని లోపలి గుడ్డను ఒకసారి నిమిరింది.

"ఇప్పుడు నడు."

గౌను బుద్ధిగా ఊగింది.

మామయ్య వంగి గౌను అంచు తిరగేసి చూశాడు. "ఇది నీకెప్పటినుంచి తెలుసే?"

"మన పెళ్ళికి ముందునుంచి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ గౌను వేసుకోలేదుగా."

ఆయన తెర వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఈ సంగతి మన నలుగురి మధ్యే ఉండాలి."

"నాకేం పనండీ చెప్పడానికి," అని అత్తయ్య మళ్ళీ సూదులు అందుకుంది.

తెర లేచింది. కోడలు నవ్వుతూ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. గిర్రున తిరిగింది. గౌను గొడుగులా విచ్చుకుని, నెమ్మదిగా దిగి, ముడత లేకుండా సర్దుకుంది.

వర్తకులు ఆమె మొహం వైపు చూస్తే ఒట్టు. వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, ముందుకు వంగి, "ఇంకోసారి నడువమ్మా," అన్నాడు.

ఇంకోసారి నడిచింది.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. తెర చాటున మామయ్య సందుకు చెవి ఆనించాడు. అత్తయ్య అల్లిక కూడా ఆగింది.

పెద్దాయన కలం మూత తీసి సంతకం పెట్టిన కాగితం మీద ఇలా ఉంది: 'బట్టలు ఒంటికి అతుక్కోకుండా చల్లుకునే మందు, ఒక లారీడు.'