ఎత్తు సీటు

"కొత్త బండితోని నిమ్మకాయలు తొక్కించినవ్ గద, ఇగ పో బిడ్డా. నేను బస్సుకు వస్త," అంది బుచ్చమ్మ, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.

గోపన్‌పల్లి నుంచి తల్లీకొడుకులు ఒకే వేళకు బయలుదేరతారు. రాయదుర్గంలో ఓంకార్ ఆఫీసు, దాని పక్క బిల్డింగులోనే ఆమె వంట చేసే క్యాంటీన్. అయినా ఐదేళ్లుగా ఆమె బస్సులోనే పోతుంది. బైకంటే భయమట.

"ఇయ్యాల ఒక్కరోజు కూసో అమ్మా. నా నడుంనొప్పికి ఆ స్పోర్ట్స్ బైక్ అమ్మి, గీ క్రూయిజర్ తెచ్చుకున్న. మెత్తగుంటది," అన్నాడు ఓంకార్ మాటవరసకు.

బుచ్చమ్మ కుచ్చిళ్లు సర్దుకుని, కాళ్లు ఒకపక్కకు పెట్టి, కిందికున్న ఆ సీటు మీద ఒక్క ఊపున కూర్చుంది. అతని భుజం మీద వేసిన చేయి వణకలేదు.

"భయమైతలేదా?"

"భయమెక్కడిది? మీ నాయిన మోటర్ సైకిల్ మీద సిద్దిపేట దాంక పోయేదాన్ని. నువ్వు అమ్మిన ఆ బండి సీటు గంత ఎత్తు, చీరతోని ఎట్ల ఎక్కాలె? చెప్తే, ముచ్చటపడి కొన్నది అమ్ముతవని చెప్పలే."

చెప్పి ఉంటే అమ్మేవాడా? ఓంకార్ తాళం తిప్పాడు గానీ, స్టార్ట్ బటన్ మీద వేలు కదల్లేదు.

"నీ నడుంనొప్పి జర తగ్గిందా బిడ్డా?" అంది వెనక నుంచి బుచ్చమ్మ.