ఒక్క తూటా కాపలా

“దీన్ని మళ్ళీ నింపితే దొంగని కాదు, ముందు నిన్నే చంపుతుంది,” అన్నాడు తుపాకులు బాగుచేసే మేస్త్రీ, ఖాళీ తూటా గొట్టాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూస్తూ.

ఇత్తడి గొట్టం అంచున వెంట్రుకవాసి చీలిక. ఎన్నిసార్లు మందు కూరించుకుందో పాపం, ఇక నావల్ల కాదని నోరు తెరిచింది.

“కొత్తవి ఎక్కడా దొరకవా మేస్త్రీ?” అడిగాడు వాచ్‌మన్.

“ఈ రకం చెయ్యడం మీ నాన్న ఉండగానే మానేశారు. తుపాకీ మాత్రం బంగారం. నూనె పెట్టి ఎంత ముద్దుగా చూసుకున్నావో. ఏం లాభం, అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.”

వాచ్‌మన్ నవ్వలేకపోయాడు. ఇంట్లో ఇక ఒకే ఒక్క తూటా ఉంది.

తుపాకీ తండ్రి నుంచి వచ్చింది, దాంతోపాటే షావుకారు గోదాము కాపలా పనీ వచ్చింది. నిజానికి ఉద్యోగం అతనిది కాదు, తుపాకీది. గోదాములో బస్తాలన్నీ బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. ముందు తలుపుకి బ్యాంకు వాళ్ళే సీలు వేశారు. ఏటా ఒక ఆఫీసరు వచ్చి సీలు పట్టి చూసి, తుపాకీ ఒకసారి పేల్పించి, సంతకం పెట్టి వెళ్తాడు. పేలని రోజున బ్యాంకు పంపే సెక్యూరిటీ కంపెనీ గార్డు కొత్త తుపాకీతో వచ్చి, సీలు తీయించి బస్తాలు లెక్కపెట్టుకుని మరీ కాపలా ఎక్కుతాడు. ఈ వయసులో వాచ్‌మన్‌ని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? అందుకే తూటాలు అయిపోయాయని ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నదానికి కూడా.

“ఈ వారంలోనే తనిఖీ,” అని షావుకారు ముందే హెచ్చరించాడు. “పేలకపోతే నిన్నూ ఎవరూ కాపాడలేరు, నన్నూ ఎవరూ కాపాడలేరు.”

తన కోసం ఆయన కూడా ఇంత బెంగపడుతున్నాడని వాచ్‌మన్ మనసు కరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వీధిలో కేకలు. బయటికొచ్చి చూస్తే పిచ్చికుక్క. చొంగ కార్చుకుంటూ కుళాయి వైపు తూలుతూ వస్తోంది. అప్పటికే ఇద్దరిని కరిచింది. జనం గోడలెక్కారు.

“నీ దగ్గర తుపాకీ ఉంది కదయ్యా, కాల్చు,” అని ఎదురింటి దర్జీ గోడ మీంచి అరిచాడు.

వాచ్‌మన్ లోపలికి పరుగెత్తి, తూటా ఎక్కించి, గుమ్మంలో మోకాలు ఆనించి గురిపెట్టాడు. గురి కుదిరింది. వేలు బిగించబోయాడు. అంతలో బ్యాంకు ఆఫీసరు కళ్ళముందు కదిలాడు.

తుపాకీ దించేశాడు. “గురి కుదరటం లేదు,” అన్నాడు.

కుక్క కుళాయి దగ్గరికి వచ్చేసింది. అక్కడ దర్జీ కూతురు బిందె పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. వాచ్‌మన్ భార్య ఎటునుంచి వచ్చిందో, పిల్లని వెనక్కి లాగి తాను అడ్డంపడింది. కుక్క ఆమె మోచేతిని పట్టేసింది. జనం గోడలు దిగి ఇనుపరాడ్లతో దాన్ని చంపేసరికి చెయ్యంతా నెత్తురు.

“అలంకారానికా ఆ తుపాకీ? దాన్నే కాపురానికి తెచ్చుకోకపోయావా,” అన్నాడు దర్జీ. వాచ్‌మన్ భార్యని భుజం పట్టి ఆస్పత్రికి నడిపించాడు.

ఆస్పత్రిలో సూదులు వేసి, కట్టుకట్టి, మిగతావాటికి మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. బయట బల్ల మీద కూర్చున్నాక ఆమె అడిగింది.

“నిజంగానే గురి కుదరలేదా?”

“కుదిరింది.”

“మరి?”

“తూటా ఒక్కటే ఉంది.”

ఆమె కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

“నేనూ నీకు ఒక్కదాన్నేగా,” అంది.

ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. సిగ్గుతో అతనికి అన్నం సహించలేదు. పని పోతే ఆమె మందులకైనా గతి ఉండదని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు గానీ, ఆ మాట గొంతు దిగలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఆఫీసరు సీలు లాగి చూశాడు, గట్టిగా ఉంది. పెరట్లో గోడ మీద ఒక పెంకు నిలబెట్టి, “కానియ్,” అన్నాడు. తుపాకీ పేలింది. పెంకు తునాతునకలైంది. ఆఫీసరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. షావుకారు తువ్వాలుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రం వాచ్‌మన్ గోదాముకి ఆనుకునే ఉన్న ఆయన గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

“అయ్యా, మీ ఉప్పు తిని దాచలేను. ఇవాళ పేల్చిందే చివరిది. ఇక తూటాల్లేవు, దొరకవు. రేపట్నుంచి నా తుపాకీ ఒకటే, చేతికర్రా ఒకటే. మీ సరుకుకి ఏదన్నా జరిగితే నేను అడ్డుపడలేను. తీసేస్తానంటే తీసెయ్యండి.”

షావుకారు అతన్ని దగ్గరికి రమ్మన్నాడు.

“ఆవిడ చెయ్యి ఎలా ఉంది?”

“సూదులు ఇంకా ఉన్నాయయ్యా. నాతో మాట మానేసింది.”

“ఆ రోజు కుక్కని కాల్చనిది ఈ గోదాము కోసమా?”

“మరి దేనికయ్యా? నా బతుకే ఇది.”

షావుకారు అతని కళ్ళలోకి చూడలేక మొహం తిప్పుకున్నాడు. లేచి గది తలుపు గడియపెట్టాడు. వెనకగోడకి ఆనించిన బీరువాని పక్కకి జరిపాడు. దాని వెనక గోదాములోకి చిన్న తలుపు ఉంది. ఇన్నేళ్ళూ ముందు తలుపు దగ్గరే కూర్చున్న వాచ్‌మన్ దాన్నెప్పుడూ చూడలేదు. షావుకారు తాళం తీసి, రమ్మన్నట్టు తలూపి పక్కకి తప్పుకున్నాడు.

లోపల ఒక్క బస్తా కూడా లేదు.