అసలు గొంతు

టైపిస్టు రికార్డరు ఆపేసింది.

"ఆయన అన్నది రెండు ముక్కలు. నువ్వు చెప్పింది చాంతాడంత ఉంది. ఎలాగమ్మా?"

ఇస్త్రీ ఆవిడ ఒళ్లో పసివాడి వీపు నిమురుతూ కూర్చుంది.

పసివాడు టైపిస్టు కొడుకు. పొద్దుటి నుంచి పిల్లికూతలు పడుతున్నాయి వాడికి. ఇంట్లో వదిలి వద్దామంటే, "కన్నదానివి నువ్వా, నేనా?" అని అత్తగారు మొహం తిప్పుకుంది. చంకనేసుకుని పనిలోకి వచ్చింది.

ఆ ప్రాంతంలో ఉన్న జాతులన్నిటి చరిత్రా కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. కొండవాళ్ల అధ్యాయం అయింది. ఉప్పుమళ్లవాళ్లదీ, గొర్రెలవాళ్లదీ అయ్యాయి. మిగిలింది పడవలవాళ్లది.

ఒకప్పుడు నది మీదే పుట్టి, నది మీదే పెళ్లాడి, నది మీదే పోయిన జనం. ఇప్పుడు గోదాముల వెనక ఇరుకు వీధిలో సర్దుకున్నారు. వాళ్ల భాష పెద్దవాళ్లకు తప్ప రాదు.

అందుకే వీధిలో అందరికన్నా పెద్దవాడైన తాతను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మాట మన భాషలోకి తిప్పి చెప్పడానికి, సగం బట్టలు అలాగే వదిలేసి అదే వీధి నుంచి ఇస్త్రీ ఆవిడ వచ్చింది.

ఈ అధ్యాయం పూర్తయితే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు పెద్దసారు. కాకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. టైపిస్టు అడగలేదు. పది తప్పి పెళ్లిపీటలెక్కిన మనిషికి మరో ఉద్యోగం ఎవరిస్తారు?

"ఆయన మాట చిన్నదేనమ్మా. మా కథే పెద్దది," అంది ఇస్త్రీ ఆవిడ చివరికి.

"కథలు మాకొద్దు. ఆయన నోట్లోంచి ఏదొస్తే అదే చెప్పు చాలు."

ఆవిడ తాత వైపు చూసింది. తాత బోసినోటితో నవ్వి మళ్లీ ఆ రెండు ముక్కలే అన్నాడు.

ఆవిడ నిట్టూర్చి మళ్లీ అందుకుంది. వరద వచ్చినప్పుడు పడవలన్నీ ఒకదానికొకటి కట్టేసుకుని ఊరంతా ఒకే తెప్పలా తేలడం గురించీ, పుట్టిన బిడ్డకు నది మలుపు పేరు పెట్టడం గురించీ చెప్పుకుపోయింది. పసివాడు ఆ గొంతుకు నిద్రపోయాడు.

టైపిస్టుకు తల పగిలిపోతోంది. ఈ పురాణమంతా తను టైపు చేసేదెప్పుడు, ఇంటికి పోయేదెప్పుడు?

ఆ వారమంతా అలాగే గడిచింది. ఏ ప్రశ్న వేసినా తాతది చిటికెడు, ఆవిడది గంపెడు.

చివరి రోజు టైపిస్టు పెద్దసారుకు ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ సొంతంగా కల్పిస్తోందని తన అనుమానమని కూడా చెప్పింది.

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వడ్డించమంటే వండుకొచ్చే రకాలు ప్రతి వీధిలోనూ ఉంటారని నవ్వాడు.

"మధ్యవాళ్ల మాట తీసెయ్. పుస్తకానికి అసలు గొంతు కావాలి. దాని అర్థం చదువుకున్నవాళ్ల చేత చెప్పిద్దాం."

టైపిస్టు పసివాణ్ని భుజాన వేసుకుని, ఒంటి చేత్తో ఇస్త్రీ ఆవిడ మాటలన్నీ కోసి పడేసింది. కంప్యూటర్లో చోటు చాలదు కనుక కోసినవాటిని ఎప్పటికప్పుడు చెరిపేయడం ఆఫీసు పద్ధతి. అవీ చెరిపేసింది.

గంటల కొద్దీ ఉన్నది గుప్పెడయింది. ప్రాణం తెరిపిన పడింది.

తర్వాత కథ నత్తనడక నడిచింది. ఆ భాష తెలిసి, చదవడం రాయడం కూడా వచ్చినవాళ్లు దొరకలేదు. పసివాడికి పళ్లొచ్చాయి. పెద్దసారు రోజూ అడగడం, టైపిస్టు రోజూ తల దించుకోవడం.

వానలు వెలిశాక, దారి లేక గోదాముల వెనక్కి వెళ్లింది. ఇస్త్రీ ఆవిణ్ణే బతిమాలుకుందామని. ఈసారి కసురుకోకూడదని దారంతా తనకు తను చెప్పుకుంది.

ఇస్త్రీ బల్ల మీద ఎవరివో ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి.

వానల్లో ఆవిడ దగ్గు ఊపిరితిత్తులకు దిగిందనీ, ఆస్పత్రి దాకా కూడా రాకుండానే పోయిందనీ పక్కింటామె చెప్పింది. అడగక ముందే, ఎక్కడో దూరాన నర్సు పని చేసే తన చెల్లెలికి ఆ భాష వస్తుందనీ, సెలవుకు వచ్చి ఉందనీ కూడా చెప్పింది.

మర్నాడే నర్సు ఆఫీసుకు వచ్చింది. పెద్దసారు స్వయంగా కుర్చీ లాగి వేశాడు.

నర్సు ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మొదటి ముక్క విన్నది. తర్వాతది పెట్టమంది. ఆ తర్వాతది పెట్టమంది. టైపిస్టు వేళ్లు అక్షరాల మీద కాచుకుని ఉన్నాయి.

"మధ్యలో ఇంకొకావిడ మాట్లాడి ఉండాలే. అదేదీ?"

"తీసేశాం," అంది టైపిస్టు. "ఆవిడ దుబాసీ."

నర్సు ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"పెద్దవాళ్లకు మతిమరుపు వచ్చిందని పరాయివాళ్ల ముందు మావాళ్లు చచ్చినా అనరక్కా. అందుకే ఆవిడ మీకు చెప్పి ఉండదు."

"ఏం చెప్పి ఉండదు?"

"అన్నిట్లోనూ తాత ఒకటే అంటున్నాడు. రాసుకో."

టైపిస్టు రాసుకుంది: "నాకేదీ గుర్తులేదు బిడ్డా, మన కథ తెలిసినదానివి ఇక నువ్వొక్కదానివే, నువ్వే చెప్పు."