అత్తగారు తొడుక్కున్న మందుగాజు

నీలవేణి ఒంట్లో బిడ్డ పెరగాలి, గడ్డ తరగాలి. చేతికున్న మందుగాజు ఆమె నెత్తురును చదివి చెబితే, గోడమీది పెట్టె క్యాన్సర్ మందు కలిపేది. కడుపుతో ఉన్న ఒంట్లో నెత్తురు ఏరులా పొంగి, మందు త్వరగా కొట్టుకుపోతుంది. మందు మందగిస్తే గడ్డకు పండగే కనుక, పెట్టె కాస్త ఎక్కువే కలిపేది.

సీమంతం రోజున నీలవేణి కునుకు తీస్తూ, తాను సముద్రమైనట్టూ, మందు చిన్న పడవై తేలిపోతున్నట్టూ కలగంది.

"గర్భం లేదు. మందు తగ్గించాను" అంది పెట్టె.

నీలవేణి ఉలిక్కిపడి లేచి కడుపు పట్టుకుంది. లోపల కదలిక లేదు. "అత్తయ్యగారండీ!"

పసుపు చేతులతో సుందరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె ముంజేతికి మందుగాజు మెరుస్తోంది.

"శుభమా అని గాజులు తొడిగే చేతికి ఈ రోగపు గాజెందుకని, నువ్వు పడుకున్నప్పుడు తీసి, ఎక్కడా పోకుండా నేనేసుకున్నానమ్మాయ్!"

"ఈ వయసులో మీకు గర్భమెలా ఉంటుందండీ!" అని కోడలు ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుకు లోపలి బిడ్డ గట్టిగా తన్నింది.

సుందరమ్మ నాలుక్కరుచుకుని మందుగాజును కోడలికి తొడిగింది. పెట్టె మళ్లీ నిండుగా మందు కలిపేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాతే ఆ గాజుకు అటూ ఇటూ పచ్చటి మట్టిగాజులు ఎక్కించింది.