కృతజ్ఞతల పెట్టె

“మా ఇంట్లో తిని, మా ఇంట్లో తిరిగి, చివరికి నాకే గొయ్యి తవ్వుతావా?”

తిరువూరు చర్చి మెట్ల మీద గ్లోరి అరిచిన అరుపుకి, చెప్పులు విప్పుతున్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎదురుగా పాటల పుస్తకం పట్టుకుని రిబ్కా బిక్కచచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి స్నేహితులు. ఇప్పుడు ఒకే ప్రైవేటు బడిలో టీచర్లు.

“నేనేం చేశానే?”

“ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని ప్రేమ్ కిరణ్ వాళ్ళకి ఎవరు చెప్పారు?”

గ్లోరికి ముప్పై ఒకటి. గంపలగూడెం అబ్బాయి ప్రేమ్ కిరణ్‌ది ఆమెకు వచ్చిన మూడో సంబంధం. మొదటి రెండూ ఏ కారణమూ చెప్పకుండానే వెనక్కి పోయాయి. ఇది మాత్రం ఖాయమనే అనుకున్నారు. అబ్బాయి రోజూ ఫోన్ చేసేవాడు. గ్లోరి పెళ్ళి చీర ఏ రంగులో కొనాలో కూడా అనేసుకుంది. అతనంటే ఆమెకు ఇష్టం, చాలా ఇష్టం. అలాంటిది మొన్న గురువారం వాళ్ళమ్మ ఫోన్ చేసి, “ఫిట్స్ ఉన్న పిల్లని మాకు అంటగడదామనుకున్నారా?” అని పెట్టేసింది. ఆ రోజు నుంచి అబ్బాయి ఫోనూ లేదు.

ఆ ఫిట్స్ పదేళ్ళ వయసులోనే పోయాయి. డాక్టరు మందులు కూడా ఆపేశాడు. బయటివాళ్ళలో ఈ సంగతి తెలిసింది రిబ్కా ఒక్కదానికే. చిన్నప్పుడు ఆడుకోవడానికి ఇంటికి వచ్చి, ఒకసారి కళ్ళారా చూసింది. పైగా ఆమె మేనత్తది గంపలగూడెమే. ఆ ఫోను రాకముందు శనివారమే షేర్ ఆటో ఎక్కి వెళ్ళొచ్చింది. ఇంకేం కావాలి?

“మా అత్తకి ఒంట్లో బాగోలేదంటే వెళ్ళానే. మరియతల్లి సాక్షిగా నేను నోరు విప్పలేదు.”

“మధ్యలో మరియతల్లినెందుకు లాగుతావు? నీకు కాని పెళ్ళి నాకవుతుందని కుళ్ళు నీకు!”

ఆ మాట అనకూడదు. కానీ అనేసింది. రిబ్కా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గ్లోరి తండ్రి మరియదాసు మాస్టారు గబగబా మధ్యలోకి వచ్చారు. రిటైరైన సోషల్ మాస్టారు. భార్య పోయి ఏడేళ్ళయింది. ఇంట్లో ఉన్నది ఆయనా, కూతురూ. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటారనీ, అది కూతురి కోసమేననీ చర్చిలో అందరికీ తెలుసు.

“వద్దు తల్లీ, ఆ పిల్లనేమీ అనకు,” అన్నారు. “ఎవరు చెబితే ఏంటిలే ఇప్పుడు? క్షమించేద్దాం. అంతా దేవుడే చూసుకుంటాడు.”

“నువ్వింత మెతకగా ఉండబట్టే నాన్నా, అందరూ మన నెత్తినెక్కుతున్నారు!”

గంట మోగింది. అందరూ లోపలికి నడిచారు.

ఆ రోజు కృతజ్ఞతా ఆదివారం. ఆ చర్చిలో దానికో పద్ధతి ఉంది. ఎవరు దేనికి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలనుకుంటే అది చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా, ఆ వారమంతా పీఠం దగ్గరున్న చెక్కపెట్టెలో వేస్తారు. పాత ఫాదర్ ఆ చీటీలు ఎన్నడూ విప్పలేదు. పూజ అయ్యాక ధూపపు నిప్పుల్లో వేసి కాల్చేసేవారు. దేవుడికి రాసిన ఉత్తరం మనం చదవకూడదనేవారు. దాంతో జనం కడుపులో ఉన్నదంతా రాసేసేవాళ్ళు.

కొత్త ఫాదర్ జూన్‌లో వచ్చారు. కుర్రాయన, హుషారు కాస్త ఎక్కువ.

“ఇంత మంచి మాటలు కాల్చెయ్యడమేంటండీ? చదువుకుందాం. ఎలాగూ పేర్లుండవు కదా!” అంటూ పెట్టె తెరిచేశారు.

చర్చంతా గుసగుసలు.

“వేసవంతా బోరు మోటారు కాలిపోకుండా కాపాడినందుకు.”

“దేవునికి కృతజ్ఞతలు,” అన్నారు జనం.

“మోకాళ్ళ నొప్పి తగ్గి, బస్సు మెట్లు ఎక్కగలిగినందుకు.”

“దేవునికి కృతజ్ఞతలు.”

“మూడు నెలల తర్వాత మా కోడలు నన్ను అత్తయ్యా అని పిలిచినందుకు.”

ఆడవాళ్ళ వైపు నవ్వులు లేచాయి. నలుగురైదుగురు అప్పుడే జోజమ్మ వంక తిరిగి చూశారు కూడా. పేరు లేకపోయినా మనిషిని పట్టెయ్యడం వాళ్ళకెంతసేపు!

గ్లోరి నవ్వలేదు. మోటారుకీ మోకాళ్ళకీ కూడా కృతజ్ఞత చెప్పుకునేవాళ్ళున్నారు, తను దేనికి చెప్పుకోవాలి? ప్రాణంలా చూసుకున్న మనిషే ఇంత పని చేస్తే ఇంకెవరిని నమ్మాలి?

మగవాళ్ళ వైపు నుంచి మరియదాసు మాస్టారు లేచి, కూతురి దగ్గరికి వచ్చారు. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట.

“పద తల్లీ, ఇంటికి పోదాం. కళ్ళు తిరుగుతున్నాయి.”

“పూజ మధ్యలోనా నాన్నా?”

“ఇప్పుడే పోదాం. నా మాట విను.”

తన బాధ చూడలేకే ఆయనకి బీపీ పెరిగిందనుకుంది గ్లోరి. ఉన్న ఒక్క నాన్నా ఇలా అయిపోతున్నాడే అని గుండె తరుక్కుపోయింది. భుజం కింద చెయ్యి వేసి నడిపించింది. పక్క బెంచీలోంచి రిబ్కా లేచి, ఆయన రెండో చెయ్యి పట్టుకోబోయింది. గ్లోరి ఆ చేతిని విదిలించి కొట్టింది.

“చూడు, నీవల్ల ఆయనకి ఏ గతి పట్టిందో! చచ్చేదాకా నీ మొహం చూడను,” అంది పళ్ళు కొరుకుతూ.

వెనక పీఠం మీద, ఫాదర్ ఇంకో చీటీ విప్పి అదే హుషారుతో మైకులో చదివారు: “పొద్దున్నే నా బిడ్డ చేతి కాఫీ తాగే భాగ్యం నాకు పోకుండా, ముందు రెండు సంబంధాల వాళ్ళకి చెప్పినట్టే ఈ గంపలగూడెం వాళ్ళకీ ఆ ఫిట్స్ సంగతి చెప్పే ధైర్యం నాకిచ్చినందుకు, ప్రభువా, నీకు కృతజ్ఞతలు.”