చందమామ బరువు

ఆ మధ్యాహ్నం స్కూలు ఆడిటోరియంలో అడుగుపెట్టేటప్పటికి షావుకారు చేతిలో ఉన్నవి రెండే: ఒక నైలాను తాడు చుట్ట, బోలెడంత ఓపిక. ఇనుప సామాన్ల దుకాణం పెట్టినప్పటి నుంచీ సరుకు చేరవేయడానికి గుమాస్తానే పంపే మనిషి, ఇవాళ వ్యాను తనే నడుపుకుంటూ వచ్చాడు. గుమాస్తా నోరెళ్ళబెట్టాడు.

స్టేజీ మీద పెద్ద చెక్క చందమామ గోడకు ఆనించి ఉంది. ఇద్దరు కలిస్తే గాని లేవనంత బరువు. సాయంత్రం నాటకంలో అది పైన కప్పీలతో దించే ఇనుప పైపుకు వేలాడాలి. దాని కింద చిన్న క్లాసు పిల్లలు నిలబడి పాడాలి.

"నేనడిగింది స్టీలు వైరు కదండీ?" అన్నాడు డ్రామా మాస్టారు తాడు చూసి. మనిషి కుర్రవాడే, చొక్కా నిండా రంగు మరకలు.

"ఇదేం తక్కువ బాబూ? ఏనుగును కట్టినా తెగదు."

"ఏనుగు నేల మీదే ఉంటుంది కదండీ. ఇది పిల్లల నెత్తి మీద ఉండాలి. పైగా పక్కనే దీపాలు. వాటి వేడికి నైలాను మెత్తబడుతుంది."

షావుకారుకు ఆ సంగతి తెలియక కాదు. "ఒక్క గంట నాటకమేగా! రెండు వరసలు వేసి కట్టెయ్యి. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాగా," అన్నాడు మాస్టారు.

ఇంతలో షావుకారు ఫోను మోగింది. అవతల భార్య. "ఏమండీ, తేల్చారా లేదా?"

"తొందరపడకే. తిప్పి చూడకుండా నేను ఏ సరుకైనా తీసుకున్నానా?" అని పెట్టేశాడు.

ప్రిన్సిపాల్ విసవిసా వచ్చింది. "చందమామ ఇంకా పైకెక్కలేదా? మీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలో వద్దో కమిటీవాళ్ళు ఈ నాటకం చూశాకే చెబుతారు మాస్టారూ. చందమామ లేకపోతే నేను మాటసాయం కూడా చెయ్యలేను."

మాస్టారు మొహం పాలిపోయింది. ఒకసారి తాడు వైపు, ఒకసారి పైకి చూశాడు.

"చందమామ లేకుండానే ఆడిస్తాను మేడం. పిల్లలు పైకి చూస్తూ పాడతారు. చూసేవాళ్ళు ఊహించుకుంటారు."

"మీ ఇష్టం, మీ కర్మ," అని ఆమె వెళ్ళిపోయింది.

షావుకారు మనసులో తక్కెడ ఒక్కసారిగా మొగ్గింది. చేతికందే ఉద్యోగాన్ని ఇంత నిబ్బరంగా పక్కన పెట్టే మనిషి ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయనకు తగల్లేదు. లేచి వెళ్ళి వ్యానులోంచి స్టీలు వైరు, గొలుసులు, బోల్టు కొక్కేలు తెచ్చి మాస్టారు ముందు పడేశాడు.

"ఇవి వ్యానులోనే ఉన్నాయా! మరి ఇందాక..."

"వయసు మీద పడుతోంది బాబూ, మతిమరుపు. కానివ్వు, కానివ్వు."

మాస్టారు అందరినీ స్టేజీ దింపేశాడు. పైపును కిందికి దించి, చందమామకు రెట్టింపు బరువున్న ఇసుక బస్తాలు ముందుగా వేలాడదీసి చూశాడు. పైపు చెక్కుచెదరలేదు. అప్పుడు చందమామకు రెండు వైర్లు, ఒకటి తెగినా రెండోది ఆపేలా బిగించాడు. అవి చాలనట్టు గొలుసులు కూడా వేశాడు. పైకెత్తబోతూ ఆగి ప్రతి బోల్టునూ చేత్తో తడిమితే, ఒకటి కాస్త వదులుగా తగిలింది.

"ఇది బిగించింది నేనే. తప్పు నాది. అన్నీ విప్పి మొదట్నుంచీ చేద్దాం."

స్కూలు ఎలక్ట్రీషియన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కదానికి అన్నీ ఎందుకండీ, చాదస్తం కాకపోతే!"

"ఒకటి వదిలేసినవాణ్ణి, ఇంకోటి వదిలెయ్యలేదని ఏంటి నమ్మకం?"

షావుకారు ముందుకొచ్చి పానా అందించాడు. తన తప్పును నలుగురిలో తనే బయటపెట్టే మనుషులు ఆయనకు తెలిసి ఎక్కువమంది లేరు.

సాయంత్రం చందమామ మెల్లగా పైకి లేచింది. పిల్లలు దాని కింద గొంతెత్తి పాడారు. హాలంతా చందమామను చూస్తుంటే, చివరి వరుసలో షావుకారు మాత్రం తెర పక్కన తలెత్తి నిలబడ్డ మాస్టారునే చూశాడు. తెర పడేదాకా ఆ మనిషి చూపు పైనుంచి కదల్లేదు. కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఉద్యోగం సంగతి రేపు చూద్దామన్నారు.

షావుకారు బయటికొచ్చి ఇంటికి ఫోను చేశాడు.

"బేరం కుదిరిందా?" అంది భార్య.

"కుదిరింది. అమ్మాయికివ్వు."

"నేను చెప్పలేదా నాన్నా!" అన్న కేక వ్యాను దాకా వినిపించింది.

షావుకారుకు ఆ పూట అల్లుడు దొరికాడు.